తాళం తిప్పకముందు పది నిమిషాలు



ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలైతే జిన్నింగ్ మిల్లుల్లో రాత్రికీ పగలుకీ తేడా ఉండదు. ప్రెస్సులో బిగిసి బయటికి వచ్చే బేలు ఒక్కొక్కటి సుమారు 170 కిలోలు. ఫోర్క్‌లిఫ్టు ఉన్నచోట హమాలీల నడుముకు కొంత విశ్రాంతి దొరికింది. అందుకు మాకూ సంతోషమే. అయితే ఆ బండిని పొద్దున్నే ఎవరు చూస్తున్నారన్నదే మా ప్రశ్న.

మన పెద్దవాళ్లు ఎద్దుల బండి కట్టేటప్పుడు ఇరుసుకు కందెన ఉందా, శీల గట్టిగా ఉందా అని చూసుకోనిదే ఊరు దాటేవారు కారు. టన్నుల బరువున్న బండికి ఆ మాత్రం చూపు దక్కవద్దా?

తాళం తిప్పకముందే చుట్టూ తిరగాలి. ఫోర్కులు వంగే మూలలో పగులు ఉందా, రెండు గొలుసులూ సమానంగా బిగిసి ఉన్నాయా, టైర్లు, చక్రాల నట్లు ఎలా ఉన్నాయి, కింద నూనె మరక పడిందా? ఎక్కాక బ్రేకు, హ్యాండ్ బ్రేకు, స్టీరింగు, హారను చూడాలి. ఖాళీ ఫోర్కులను ఒకసారి ఎత్తి దించాలి. పత్తి మిల్లులోనైతే రేడియేటరు, సైలెన్సరు దగ్గర చేరిన దూది పీచు కూడా తీసివేయాలి. వేడికి ఆ పీచు అంటుకుంటే గోదాము దక్కదు. అమెరికా నిబంధనల ప్రకారం ఈ పరీక్ష కనీసం రోజుకొకసారి, రాత్రింబవళ్లు నడిచే బండికి ప్రతి షిఫ్టు తర్వాత జరగాలి. లోపం ఉంటే బాగయ్యే వరకు బండి కదలకూడదు.

ఇక్కడ రిజిస్టరు లేక కాదు. నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో ముప్పై రోజులూ నింపిన రిజిస్టరు ఒకటి మేము చూశాము. తప్పంతా డ్రైవరుదని మేము అనము. బ్రేకు బాగాలేదని అతడు బండి ఆపితే హమాలీలు ఖాళీగా కూర్చోవాలి. బేలు లెక్కన కూలి గనుక వాళ్లే అతని మీద కేకలు వేస్తారు. ఆగిన గంటకు కూలి యజమాని ఇవ్వాలి. "బండి కదలదు" అన్న డ్రైవరు మాట ఆ పూటకు చెల్లాలి. ఈ రెండూ లేనంత కాలం తనిఖీ కాగితం మీదే ఉంటుంది.

ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల్లో ఈ పనికి వెళ్లేవారి ఇంటివాళ్లకు మరొక మాట. హైడ్రాలిక్ పైపు కారుతోందా అని చేతితో తడిమి చూడనివ్వకండి. సూదిబెజ్జమంత చిల్లు నుండి ఒత్తిడితో వచ్చే నూనె చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే. మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. పసుపు అద్ది, గుడ్డ కట్టి మళ్లీ పనిలోకి దిగుతారు. లోపల నూనె వేలి పొడవునా పాకి రక్తప్రసరణకు అడ్డుపడుతుంది. ఆలస్యమైతే వేలు తీసివేయవలసి రావచ్చు. అనుమానం ఉంటే దూరంగా నిలబడి అట్టముక్క అడ్డం పెట్టి చూడమనండి.

ఒకవేళ గుచ్చుకుంటే, నొప్పి లేకపోయినా వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గాయాన్ని పిండవద్దు. "ఒత్తిడితో నూనె లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే చిన్న గాయమనుకొని టి.టి. ఇంజెక్షను వేసి పంపివేయవచ్చు. నూనె డబ్బా మీద ఉన్న పేరు ఒక చీటీ మీద రాసుకొని వెంట తెస్తే డాక్టరుకు పని సులువవుతుంది.