ముడతలు పోగొట్టే పెప్టైడ్ సీసా – కొనాలా, వద్దా?

"డాక్టరుగారూ, ఇది రాస్తే సూది లేకుండానే బొటాక్స్‌లాగా పనిచేస్తుందట, నిజమేనా?" అని ఈమధ్య ఓ.పి.లో ఒక తల్లిగారు చిన్న సీసా చూపించి అడిగారు. అమెరికాలో ఉన్న కూతురు పంపిందట. మీద 'ఆర్జిరెలిన్ 10 శాతం' అని ఉంది. ఇది అయిపోతే ఇంకోటి కొనడానికి చీటీ డబ్బు దాచారు. బి.పి. మాత్రలు మాత్రం పది రోజులకే కొన్నారు! అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆర్జిరెలిన్ అంటే ఆరు అమైనో ఆమ్లాలను గొలుసుగా కూర్చి తయారుచేసిన పెప్టైడ్. స్పెయిన్‌లోని లిపోటెక్ కంపెనీది. నరం నుండి కండరానికి 'ముడుచుకో' అనే కబురు అందాలంటే స్నాప్-25 అనే ప్రొటీను కావాలి. బొటాక్స్ దానిని తెంచుతుంది. ఈ పెప్టైడ్ ఆ ప్రొటీనులోని ఒక ముక్కను పోలి ఉండి, దాని చోటులో దూరి కబురును తగ్గిస్తుందని తయారీదారుల మాట. ఆలోచన మంచిదే. కాని బొటాక్స్‌ను సూదితో కండరంలోకే ఎక్కిస్తాము. ఇది చర్మం పైన రాసేది. 500 డాల్టన్లు దాటిన అణువులు చర్మపు పైపొరలోనుండి లోపలికి పోవడం కష్టం. దీని బరువు సుమారు 889.

2002లో వచ్చిన వ్యాసంలో 30 రోజులకు ముడతల లోతు 30 శాతం వరకు తగ్గిందన్నారు. వ్రాసినవారిలో కంపెనీవారూ ఉన్నారు. 2013లో చైనీయులు 60 మందిపై, కొందరికి ఉత్త క్రీము ఇచ్చి పోల్చిన పరీక్షలోనూ గుణం కనిపించింది. అయితే అది నాలుగు వారాలే. కాబట్టి బొత్తిగా మోసమని నేననను.

నాకు అభ్యంతరం ఆ '10 శాతం' దగ్గర. క్రీములవారికి అమ్మే ద్రావణంలో పెప్టైడ్ మామూలుగా 0.05 శాతమే. ఆ ద్రావణం 10 శాతం కలిపితే, 30 మిల్లీలీటర్ల సీసాలో అసలు సరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. మీ ఇంట్లోని పారాసెటమాల్ 500 మాత్రలో మూడువందలవ వంతు కూడా కాదు.

ఆస్ట్రేలియాలోని నంబోర్‌లో 903 మందిని నాలుగున్నరేళ్లు చూశారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారి చర్మంలో ఆ కాలంలో ముసలితనం పెరిగినట్లు కనబడలేదు. 2013లో ప్రచురించారు. మన ఎండకు గొడుగు, తలమీద కొంగు కూడా మంచివే.

"ఉన్నది వాడుకోండమ్మా, మంటపుడితే ఆపండి. రెండోది వద్దు, ఆ డబ్బుతో మాత్రలు నెలకు సరిపడా కొనండి" అన్నాను. ఆమె కొంచెం నొచ్చుకున్నారు. "మరి అమ్మాయికేమి చెప్పను?" అన్నారు.

"ఈసారి సన్‌స్క్రీన్ పంపమనండి."