పశురోగ పరీక్షలు: పెంపకందార్ల పక్షమున పలుకవలసినది ఎవరు?

మందలో రోగము కనబడినప్పుడు పశువుల పెంపకందారునకు రెండు భయములు కలుగును. ఒకటి రోగమువలన, రెండవది పరీక్షవలన. రోగము ఒక పశువును తీసికొనిపోవును. పరీక్షా ఫలితము బయటపడినచో మంద మొత్తమునకు, ఒక్కొక్కప్పుడు దేశము మొత్తమునకు బేరము పడిపోవును. కావున ఏ పశువును పరీక్షింపవలెను, ఎవరు పరీక్షింపవలెను, ఖర్చు ఎవరు భరింపవలెను అను ప్రశ్నలను పశువైద్యులు మాత్రమే తీర్చజాలరు. వాటిని తీర్చుచోట పెంపకందార్ల పక్షమున ఎవరు మాట్లాడుచున్నారో కూడ చూడవలసియున్నది. ఈ విషయమున అమెరికాలో 2003 తరువాత జరిగిన వివాదము మన రైతులును, గ్రామాధికారులును తెలిసికొనదగినది.

పిచ్చి ఆవు వ్యాధి అని పేరుపడిన రోగమును 1986లో బ్రిటనులో కనుగొనిరి. చచ్చిన పశువుల మాంసము, ఎముకల పొడి దాణాలో కలిపి పశువులకు మేపుటవలన అది వ్యాపించెను. అచ్చట లక్షా 80 వేలకు పైగా పశువులకు ఈ రోగము నిర్ధారణ అయినది. మనుష్యులకు కూడ దీనివలన ప్రాణాంతకమైన మెదడు జబ్బు రాగలదని 1996 మార్చిలో బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించెను. అమెరికా 1997లో అట్టి దాణాను ఆవులకు పెట్టరాదని నిషేధించినది. అయినను 2003 మే నెలలో కెనడాలో ఒక ఆవుకును, అదే సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో ఒక పాడి ఆవుకును రోగము బయటపడెను. ఈ రెండవ ఆవు కూడ కెనడాలో పుట్టినదే. ఆ ఒక్క ఆవు కారణముగా జపాను, దక్షిణ కొరియా మొదలగు దేశములు అమెరికా గొడ్డుమాంసమును కొనుట మానివేసెను.

జపానులో 2001 అక్టోబరు నుండి కోతకు వచ్చిన ప్రతి పశువును పరీక్షించుచుండిరి. అందుచేత కాన్సాస్ రాష్ట్రములోని క్రీక్‌స్టోన్ ఫార్మ్స్ అను మాంసపు కంపెనీ, తాను కోయు ప్రతి పశువును స్వంత ఖర్చుతో పరీక్షించి జపానువారికి అమ్మెదనని 2004లో ముందుకు వచ్చెను. పశువు ఒక్కింటికి ఖర్చు సుమారు 20 డాలర్లు. అమెరికా వ్యవసాయశాఖ దీనికి అనుమతి నిరాకరించెను. 1913 నాటి ఒక చట్టము ప్రకారము పరీక్షా సామగ్రి అమ్మకము ఆ శాఖ చేతిలోనుండెను. కంపెనీ 2006లో కోర్టుకెక్కెను. 2007లో క్రింది కోర్టు కంపెనీ పక్షమున తీర్పు చెప్పినది. 2008 ఆగస్టులో పై కోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మొగ్గుతో ఆ తీర్పును మార్చి, ప్రభుత్వమునకే అధికారము కలదని నిర్ణయించెను.

ప్రభుత్వమువారి వాదన కొట్టివేయదగినది కాదు. ఈ పరీక్ష పశువును కోసిన పిమ్మట మెదడు ముక్కపై చేయునది. రోగము లోపల పెరుగుటకు కొన్ని సంవత్సరములు పట్టును. లక్షణములు పైకి కనబడుటకు కొద్ది నెలల ముందు మాత్రమే పరీక్షకు దొరకును. మాంసమునకు పెంచు పశువులను సామాన్యముగ రెండేండ్లలోపుననే కోయుదురు. కనుక వాటిలో రోగము దాగియున్నను పరీక్షలో కనబడకపోవచ్చును. అట్టి మాంసముపై “పరీక్షింపబడినది” అని వ్రాసినచో కొనువారు తప్పుగ గ్రహింతురని అధికారుల అభిప్రాయము. మెదడు, వెన్నుపూస మొదలగు ప్రమాదకర భాగములను తీసివేయుట, దాణా నిషేధమును గట్టిగ అమలుజరుపుట, ముసలి పశువులను, నీరసించిన పశువులను పరీక్షించుట, ఇవియే నిజమైన రక్షణయని వారు చెప్పిరి. 2004 నుండి 2006 వరకు అట్టి పశువులను 7 లక్షలకు పైగా పరీక్షించగా రెంటిలో మాత్రమే రోగము కనబడినది.

ఇంతవరకు శాస్త్రము వారి పక్షముననే ఉన్నది. కాని పరీక్ష చెప్పగలిగినంతే చెప్పుమని శాసించుట వేరు, పరీక్షయే చేయరాదని ఆపుట వేరు. “ఈ పరీక్షలో రోగము కనబడలేదు, లేత పశువులలో ఈ పరీక్షకు పరిమితి కలదు” అని చీటీపై ముద్రింపుమని ఆజ్ఞాపించి, ప్రభుత్వ పశువైద్యుల పర్యవేక్షణలో అనుమతించియుండినచో సరిపోయెడిది. ప్రభుత్వము కనీసమును నిర్ణయింపవలెను. అంతకు మించి స్వంత సొమ్ముతో చేయుదునన్నవానికి అడ్డు నిలుచుట తగదని మా అభిప్రాయము.

ఇక పెంపకందార్ల మాట. ఈ విషయమున వారు రెండుగా చీలిరి. జాతీయ పశుపెంపకందార్ల గొడ్డుమాంస సంఘము ప్రభుత్వమును సమర్థించినది. ఆ సంఘములో దూడలను పెంచువారితో పాటు, వేలకొలది పశువులను బలియజేయు మేపుడు దొడ్లవారికిని, మాంసపు కంపెనీలకును చోటు కలదు. ఒకరు పరీక్ష మొదలుపెట్టినచో కొనువారు అందరినీ అడుగుదురనియు, ఆ ఖర్చు అందరిపై పడుననియు వారి భయము. 1990 దశకము చివర ఏర్పడిన ఆర్-కాఫ్ అను పెంపకందార్ల సంఘము, ఇష్టమున్నవారిని పరీక్షించుకొననీయవలెనని పట్టుబట్టెను. వారికిని స్వలాభము లేకపోలేదు. కెనడా పశువుల రాకను ఆపుటకు 2005లో వారు కోర్టుకు పోయిరి. ముందు గెలిచిరి గాని, ఆ యేడే పై కోర్టులో ఓడిరి.

ఇందు ఎవరిని దొంగయనవలసిన పనిలేదు. అమ్మువాడు, కొనువాడు, కోయువాడు ఒకే వరుసలో నున్నను వారి లాభము ఒకటి కాదు. ఆ దేశములో మేపి కోయు పశువులలో నూటికి 80 వంతులకు పైగా నాలుగు పెద్ద కంపెనీల చేతిలో నున్నవి. అట్టిచోట అందరి పేరిట ఒక్క గొంతు మాట్లాడినచో బలవంతుని మాటయే అందరి మాటగ చెల్లును.

దీనికి తోడు డబ్బు సంగతి ఒకటున్నది. 1985 చట్టము ప్రకారము పశువు అమ్మినప్పుడెల్ల తలకొక డాలరు చెల్లింపవలెను. ఇష్టము లేదన్నను తప్పదు. అది గొడ్డుమాంసపు ప్రచారమునకు, పరిశోధనకు ఉద్దేశించినది. ప్రభుత్వ విధానమును మార్పించు యత్నములకు దానిని వాడరాదని ఆ చట్టమే నిషేధించుచున్నది. అయితే ఆ సొమ్ముతో పనులు చేయు కంట్రాక్టులలో పెద్దభాగము పైన చెప్పిన జాతీయ సంఘమునకే దక్కుచున్నది. లెక్కలు వేరుగ వ్రాసినను, నా డాలరుతో బలపడిన సంఘము నాకు వ్యతిరేకముగ మాట్లాడుచున్నదని చిన్న పెంపకందారు బాధపడుట సహజము. ఈ వసూలు చెల్లునని 2005లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. చట్టము చెల్లినంత మాత్రమున విశ్వాసము కలుగదు. అందరివద్ద సొమ్ము తీసికొను సంస్థ, తనలోని భిన్నాభిప్రాయమును కూడ వ్రాతమూలకముగ ప్రభుత్వమునకు తెలుపవలెను. ఇది న్యాయము.

మన ప్రాంతమున ఇట్టి ప్రశ్న ఈసుకుపోవు రోగము, అనగా బ్రూసెల్లోసిస్ విషయమున ఎదురగును. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము క్రింద 4 నుండి 8 నెలల వయస్సుగల ఆడ దూడలకు, పెయ్యలకు ఒకసారి టీకా వేయుదురు. పాల సంఘములో కలిపిన పాలకు పరీక్ష చేసినచో ఊరిలో రోగమున్నదీ లేనిదీ తెలియును గాని, ఎవరి గేదెకున్నదో తెలియదు. దానికి ఒక్కొక్క పశువు రక్తము పరీక్షింపవలెను. తగాదా అచ్చటనే పుట్టును. పట్టుబడిన పశువును ఏమి చేయుదురో, నష్టము ఎవరు భరింతురో ముందుగ చెప్పనిచో, రైతు దానిని రాత్రికి రాత్రి సంతకు తోలును. రోగము పొరుగూరికి పోవును.

2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టము ప్రకారము, రోగము అనుమానించిన యజమాని గ్రామాధికారికి గాని, పంచాయతీకి గాని తెలుపవలెను. కావున గ్రామాధికారులు ఈ విషయమున కేవలము కాగితము పంపువారుగ నుండరాదు. పరీక్షకు ముందే పశువైద్యుని పిలిపించి సభ జరిపి, పరీక్ష ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలదో వివరింపజేయవలెను. పాల సంఘము తీర్మానము చేయునప్పుడు, పది గేదెలున్నవానితో పాటు ఒక్క గేదె కలవాని మాటయు చిట్టాకెక్కవలెను. ఒప్పుకొననివారి కారణములను కూడ పై అధికారులకు పంపవలెను.

రోగమును దాచువాడు ఊరికి హాని చేయును. అయితే రైతు దాచకుండునట్లు చేయు భారము పరీక్ష పెట్టువారిది, ఆతని పేరిట మాట్లాడువారిది. తన మాట కూడ విందురను నమ్మకము కుదిరినచో రైతు తన పశువును తానే తెచ్చి చూపించును.