నాకూ అంతే

గత మాఘమాసంలో యానాంలో మా పినతండ్రిగారి మనుమరాలి పెళ్ళి జరిగింది. భోజనాల బంతిలో నా విస్తరి మీద ఒక పూర్ణం బూరె, రెండు చెంచాల పులిహోర, గరిటెడు ముద్దపప్పు ఉన్నవి. పప్పులో సగం, బూరెలో చిటికెడు తినేసరికి నా భోజనం ముగిసింది. నేతిగిన్నె పట్టుకుని వస్తున్న పెద్దావిడ నా ముందు ఆగి, "ఏమమ్మా, వంట కుదరలేదా? ఇలా ఎంగిలిపడి లేచిపోతే ఎలాగ?" అన్నది. ఆమె కళ్ళలో నిజమైన బాధ కనిపించింది.

అన్నం పెట్టేవారి మనస్సు నొప్పించటంకన్న ఇంకొక బూరె తినటమే సులభమని నలభై ఏళ్ళపాటు నమ్మినదాన్ని నేను. ఆ నమ్మకానికి ఇప్పుడు నా కడుపులో చోటు లేదు. 2021 నవంబరులో వైద్యులు నా జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసివేశారు. అప్పటికి నా బరువు 108 కిలోలు. మధుమేహం వచ్చి ఆరేళ్ళయింది. మోకాళ్ళ మాట సరేసరి.

ఆ శస్త్రచికిత్సకు ఆంగ్లంలో పెట్టిన పేరు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. స్లీవ్ అంటే చొక్కా చేయి. సంచివలె ఉండే జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి, చొక్కా చేయి వంటి సన్నని గొట్టాన్ని మాత్రం మిగులుస్తారు. అనువాదం నా వృత్తి కనుక, దీనికి తగిన తెలుగు మాట కోసం ఆస్పత్రి మంచం మీద కూడా వెదికాను. దర్జీ భాషలో తప్ప దొరకలేదు. రెండవ పద్ధతి బైపాస్. ఇందులో జీర్ణాశయాన్ని చిన్న తిత్తిగా చేసి, చిన్నప్రేగుతో దగ్గరదారిన కలుపుతారు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు దీనిని ప్రారంభించాడు. పుండ్ల కారణంగా జీర్ణాశయాన్ని కొంత తొలగించిన రోగులు మళ్ళీ ఒళ్ళు చేయకపోవటమే ఆయనకు దారి చూపింది. ఇవి చోటును తగ్గించి ఊరుకునే చికిత్సలు కావని తర్వాత తెలిసింది. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది ముఖ్యంగా ఊరేది స్లీవ్‌లో కోసి పారవేసే ఆ పైభాగంలోనే. అందువల్ల మొదటి నెలలలో ఆకలి అనేదే మరచిపోతాము.

ఆకలి మరచినా ఇల్లు మరవదు గదా!

మేముండేది పుదుచ్చేరిలోని ముదలియార్‌పేట. కడలూరు రోడ్డు మీద ఆంగ్లో ఫ్రెంచి బట్టల మిల్లు ఉన్న పేట ఇది. 1936 జూలై 30న పుదుచ్చేరి మిల్లు కార్మికులమీద ఫ్రెంచి ప్రభుత్వ సైనికులు కాల్పులు జరిపి పన్నెండుగురిని బలిగొన్న చరిత్రను ఇక్కడి వృద్ధులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మిల్లు 2020లో మూతపడింది. యానాంనుండి ఉద్యోగరీత్యా ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి వచ్చి, తమిళుల నడుమ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదొకటి. మా క్రింది వాటాలోని పాట్టి భర్త మిల్లు కార్మికుడు. రోజుకు ఆరుసార్లు గడియారం చూసుకుని గుప్పెడేసి తినే నన్ను చూసి ఆమె, "ఆ కాలంలో మిల్లు కూత విని వండేవాళ్ళం, కూత విని తినేవాళ్ళం. నీకిప్పుడు మళ్ళీ కూత కావాలి" అని నవ్వింది. ఎందరు వైద్యులు చెప్పినా ఎక్కని సంగతి ఆ ఒక్క మాటతో నాకు బోధపడింది. ఆకలి చెప్పనప్పుడు గడియారమే చెప్పాలి.

ఆస్పత్రివారు ఇచ్చిన కాగితంలో అన్నీ ఉన్నవి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినవలెను (ఒక కోడిగుడ్డులో ఉండేవి సుమారు 6 గ్రాములే). జన్మాంతం బి12, ఇనుము, కాల్షియం, డి విటమిను మాత్రలు మానరాదు. భోజనంతో నీరు త్రాగరాదు. తిన్న పిమ్మట అరగంట ఆగవలెను. చదవటానికి ఎంతో స్పష్టంగా ఉన్నది. ఐతే చారన్నం సంగతి ఏమిటి? అది అన్నమా, నీరా? మజ్జిగ పోసుకున్న అన్నం ఏ పద్దు క్రిందికి వస్తుంది? కాగితం వ్రాసినవారికి రొట్టె, సూపు, పళ్ళెం తెలుసును గాని, విస్తరి క్రమం తెలియదు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినది వైద్యుడు కాదు, యానాం నుండి వచ్చి అదే ఆస్పత్రిలో బైపాస్ చేయించుకున్న ఒక స్త్రీ. కాగితం ఆంగ్లంలోనూ తమిళంలోనూ ఉండటంతో ఆమెకు నేను చదివి తెలుగులో చెప్పాను. మా స్నేహానికి అదే మొదలు. నాకన్న పదేళ్ళు చిన్నది, బడి మాత్రమే చదివినది. ఆమె అన్నది గదా: "అక్కా, మన భోజనంలో పెరుగు చివర వస్తుందండి. బలమంతా అందులోనే ఉంది. చివరికొచ్చేసరికి మనకి చోటుండదు. అందుకని నేను గట్టి పెరుగు, పప్పు ముందు తినేసి, కూర తిని, చోటుంటే అప్పుడు రెండు మెతుకులు. చారు సాయంత్రం గ్లాసులో పోసుకుని విడిగా తాగుతానండి." భోజనాన్ని తలక్రిందులు చేసిన ఆ పద్ధతిని నేను ఇంట్లో ప్రారంభించిన రోజున మా అత్తయ్యగారు, "పెరుగుతో మొదలెట్టటమేమిటమ్మాయ్, అశుభం" అని వారంపాటు ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఎనిమిదవనాడు ఆవిడే పెరుగుగిన్నె ముందు పెట్టారు.

ఒక రాత్రి పదకొండు గంటలకు ఆ యానాం అమ్మాయి ఫోను చేసింది. గుండె దడదడలాడుతోందట, ఒళ్ళంతా చెమటలు, కడుపులో మెలిపెట్టి విరేచనం, కళ్ళు తిరగటం. "అక్కా, నా ప్రాణం పోతోందండి." ఏమి తిన్నావని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. పిమ్మట, ఎవరో ఆత్రేయపురం నుండి పూతరేకులు తెచ్చారని, రెండే తిన్నానని చెప్పింది. బైపాస్ అయినవారిలో తీపి ఒక్కసారిగా చిన్నప్రేగులోకి జారినప్పుడు ఇట్లా జరుగుతుంది. దీనిని డంపింగ్ అంటారు. స్లీవ్ అయినవారికీ ఒక్కొక్కప్పుడు వస్తుంది. "పడుకో, తగ్గుతుంది. నాకూ అంతే అయింది, బెల్లం పాయసంతో" అన్నాను. ఆమె ఏడుపు ఆగింది. అరగంటకు దడ కూడా తగ్గింది.

"నాకూ అంతే" అనే ఆ రెండు మాటల బలం ఎంతటిదో ఆ రాత్రి గ్రహించాను. 2022లో మా డాబామీద నెలకొక ఆదివారం సాయంకాలం నలుగురం కూర్చోవటం మొదలుపెట్టాము. ఏడాది తిరిగేసరికి తొమ్మిదిమంది అయినాము. పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు అసలే లేడు. ఈ తరహా కూటములు లోకానికి కొత్తవి కావు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు త్రాగుబోతులు ఒకరికొకరు కథ చెప్పుకోవటంతో ఒక మహోద్యమం పుట్టింది. 1961లో న్యూయార్కు గృహిణి జీన్ నిడెచ్, తాను దొంగచాటుగా బిస్కట్లు తింటున్న సంగతి చెప్పుకోవటానికి స్నేహితురాండ్రను ఇంటికి పిలిచింది. అదే తర్వాత పెద్ద సంస్థ అయింది. మాది సంస్థ కాలేదు, కానక్కరలేదు కూడా.

అక్కడ చెప్పుకునే సంగతులు వైద్యుని ముందు నోట రావు. మూడవ నెలలో దువ్వెన నిండా ఊడివచ్చే జుట్టు. మళ్ళీ మొలుస్తుందని ముందున్నవారు తల చూపిస్తే తప్ప నమ్మకం కలగదు. జారిన చర్మం. "కష్టపడకుండా కోయించుకుని సన్నబడింది" అనే బంధువులు, "షుగరు ముదిరిందా? మరేదైనా రోగమా?" అని చెవిలో అడిగే ఇరుగుపొరుగు. ఒకరి భర్త తోటి ఉద్యోగులకు భార్య శస్త్రచికిత్స సంగతి నాలుగేళ్ళయినా చెప్పలేదు. మరొకరు సన్నబడ్డాక అద్దంలో ఎవరో పరాయిమనిషి కనిపిస్తున్నదని ఏడ్చింది. అది మొదట నాకు వింతగా తోచింది, ఇప్పుడు తోచదు.

ఈ ఊరికి ప్రత్యేకమైన సమస్య మరొకటి ఉన్నది. మద్యం ఇక్కడ చౌక, సులభం. బైపాస్ తర్వాత మద్యం నెత్తురులోకి వేగంగా ఎక్కుతుంది. దాని దుర్వినియోగం మొదటి ఏడాదిలోకన్న రెండవ ఏట పెరుగుతున్నట్లు 2012లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. తిండిలో దొరికే ఊరట పోయినప్పుడు మనస్సు మరొక ఊరట వెదుక్కుంటుంది. మాలో ఒక విశ్రాంత ఉద్యోగి ఈ సంగతిని తనంతట తానే బయటపెట్టారు. ఆయన ధైర్యం చూసి మరొకరు నోరు విప్పారు.

బరువు మళ్ళీ పెరగటం గురించి కూడా. స్వీడన్‌లో 1987లో ప్రారంభించి నాలుగు వేలమందికి పైగా స్థూలకాయులను ఏళ్ళతరబడి పరిశీలించారు. బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున తమ బరువులో 32 శాతం తగ్గగా, పదేళ్ళ తర్వాత ఆ తగ్గుదల 25 శాతంగా ఉన్నది. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని కూడా ఆ పరిశీలనలోనే తేలింది. ఇది తెలిసి ఉండి కూడా, నా బరువు 71 నుండి 76కు పెరిగినప్పుడు మూడు నెలలు ఏదో వంకతో మా డాబామీదికి నేనే ఎక్కలేదు. కూటమి జరుగుతున్నది నా ఇంటి పైన! క్రింద గదిలో కూర్చుని వారి మాటలు వింటుండేదాన్ని.

2024 ఏప్రిల్‌లో మా పుదుచ్చేరి యువకుడొకడు చెన్నపట్నం వైపు ఈ చికిత్సకే వెళ్ళి మరణించినప్పుడు, ఆ నెల ఎన్నడూ రానివారు కూడా వచ్చారు. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

ఇక చెప్పుకోవటానికి నాకు ఇష్టం లేని సంగతి. ఆ మరుసటి ఏడాది ఒక తమిళ యువకుడు కొత్తగా వచ్చాడు. స్లీవ్ అయి ఆరు వారాలు. తిన్నదల్లా వాంతి అవుతున్నదన్నాడు. "ఎనక్కుం అప్పడిదాన్, తంబీ" అన్నాను. అంటే, నాకూ అంతే. మొదట్లో నాకూ వాంతులయ్యాయి, ఆదరాబాదరా తిన్నప్పుడల్లా. నెమ్మదిగా నమిలి తినమన్నాను. చుట్టూ ఉన్నవారందరూ తలలూపారు. అతని ముఖం తేటపడింది. వాంతులు ఎన్నాళ్ళుగా అని నేను అడగలేదు. అప్పటికి పది రోజులు.

మరి పదిహేను రోజులకు అతని తల్లి ఫోను చేసింది. కుర్రవాడు తూలి తూలి నడుస్తున్నాడు, ఒకటి రెండుగా కనిపిస్తున్నదంటాడు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. వీధిలోవారు త్రాగివచ్చాడనుకున్నారు. ఇంట్లో తండ్రి కూడా అదే అనుకుని చేయి చేసుకున్నాడు. ఈ ఊళ్ళో తూలే మనిషిని చూసి మరొక విధంగా ఎవరనుకుంటారు? ఆస్పత్రికి తీసుకుపోగా తేలినదేమంటే, అతని శరీరంలో థయమిన్, అంటే బి1 విటమిను, హరించుకుపోయింది. శరీరం దాచుకునే బి1 రెండు మూడు వారాలకు మించి రాదు. ఎడతెగని వాంతులతో అది అడుగంటితే దెబ్బ మెదడుకు తగులుతుంది. అక్కడి వైద్యురాలు గ్లూకోజు ఎక్కించకముందే నరంలోకి థయమిన్ ఇచ్చింది. ఆ క్రమం తప్పితే కీడు ముదురుతుందట. ఇంతకూ వాంతులకు కారణం స్లీవ్ గొట్టం ఒకచోట ఇరుకై ఉండటం. బెలూనుతో దానిని వెడల్పు చేశారు. చూపు కొద్ది రోజులలో చక్కబడింది. నడక కుదురుకోవటానికి నెలలు పట్టింది.

అతని తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు. "అక్క చెప్పిందని ధైర్యంగా ఉన్నాడు" అని మాత్రం అన్నది.

ఆ తర్వాత డాబామీద గోడకు ఒక కాగితం అంటించాము. తమిళంలో విశ్రాంత ఉద్యోగి వ్రాశారు, తెలుగులో నేను వ్రాశాను. నా వృత్తిలో అంత చిన్న వ్రాతకు అంత సేపు ఎన్నడూ పట్టలేదు. రెండు రోజులకు మించి వాంతులు, జ్వరం, తగ్గని గుండెదడ, కడుపులోగాని ఎడమ భుజంలోగాని నొప్పి, నల్లని విరేచనం, తూలటం, చూపు చెదరటం: వీటిని ఇక్కడ చెప్పవద్దు, ముందు ఆస్పత్రికి వెళ్ళండి. పూతరేకుల రాత్రి నేను చెప్పినది ఒప్పయింది గదా అని యానాం అమ్మాయి నన్ను ఓదార్చబోయింది. ఒప్పయింది నిజమే. కాని ఆ రాత్రి ముందు ఏమి తిన్నావని అడిగాను. తంబిని ఏమీ అడగలేదు.

అతడు ఇప్పుడూ వస్తున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు. మొన్నటి ఆదివారం ఒక కొత్త ఆమె, శస్త్రచికిత్స అయి నెల దాటినది, కూర్చోగానే తనకు నీరు కూడా ఇమడటం లేదన్నది. ఎవరో "అందరికీ..." అని మొదలుపెట్టారు. అతడు చేయెత్తి ఆపి, గోడమీది కాగితం వైపు చూపించి, "ఎన్నాళ్ళుగా అక్కా?" అని అడిగాడు. ఆమె మూడు రోజులన్నది. మా వారు ఆటో పిలవటానికి క్రిందికి దిగారు.