స్థలము అమ్మి ఎం.బి.ఎ. చదివించవచ్చునా?



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి మమ్మును ప్రక్కకు పిలిచారు. కుమారుడు బి.కాం. ముగించాడు. బంధువులందరు ఎం.బి.ఎ. చదివించమంటున్నారు. ఉన్న 4 సెంట్ల స్థలము అమ్మితే ఒక కళాశాలలో మేనేజిమెంటు సీటు వస్తుందట. "అమ్మమంటారా అయ్యగారూ?" అన్నారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాము. వారము రోజులు విచారించి తెలిసికొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

ఎం.బి.ఎ. విశ్వవిద్యాలయము ఇచ్చే రెండేళ్ల డిగ్రీ. మొదటి ఏడు అందరికీ దాదాపు ఒకే పాఠములు: అకౌంట్స్, మార్కెటింగ్, సిబ్బంది నిర్వహణ వంటివి. రెండవ ఏట ఒక శాఖను ఎంచుకుంటారు. పి.జి.డి.ఎం. అనేది డిప్లొమా. డిప్లొమా అనగానే చులకన చేయనక్కరలేదు. జెస్యూట్ ఫాదర్లు 1949లో జంషెడ్‌పూర్‌లో స్థాపించిన ఎక్స్.ఎల్.ఆర్.ఐ. ఇచ్చేది డిప్లొమాయే. అహ్మదాబాదు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు 1961లో పుట్టినా, 2017 నాటి చట్టము వచ్చేవరకు వాటికి డిగ్రీ ఇచ్చే అధికారము లేదు. అయితే ఈ మాటే చెప్పి, తమ కాగితమూ ఎం.బి.ఎ.తో సమానమేననే సంస్థలున్నాయి. ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతి చూడకుండా ఒక్క రూపాయి కట్టవద్దు.

మన రెండు రాష్ట్రములలోను ఐసెట్ ఉన్నది. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. తప్పు జవాబుకు మార్కులు తీసివేయరు. ర్యాంకు వస్తే కన్వీనరు సీటు, ప్రభుత్వము నిర్ణయించిన ఫీజు. స్థలము జోలికి పోనక్కరలేదు. డిగ్రీలో 50 శాతము మార్కులుండాలి, రిజర్వేషను వారికి 45 చాలు.

ఇక్కడ మన సంఘములవారికి ఒక చిక్కు. ఎస్.సి.ల నుండి క్రైస్తవులైన కుటుంబములు బి.సి.-సి క్రింద వస్తాయి. వాటా 1 శాతమే. అంత చిన్న వాటా చూచి, బాప్తిస్మము సంగతి చెప్పకుండా వేరొక ధ్రువపత్రము తెమ్మని బిడ్డలకు సలహా ఇచ్చే పెద్దలు మనలోనే ఉన్నారు. వారి కష్టము మాకు తెలియనిది కాదు. అయినా ఉన్నదే వ్రాయించమని మేము చెబుతాము. పట్టుబడితే సీటు పోయేది ఆ బిడ్డకు, సలహా ఇచ్చినవారికి కాదు. కౌన్సెలింగు వరకు ఆగక, ఇప్పుడే దరఖాస్తు చేయించండి.

ర్యాంకు రాకపోతే? రెండేళ్లు పని చేసి మరల వ్రాయవచ్చును. పని చూచి వచ్చినవానికి ఆ పాఠములు బాగా అర్థమవుతాయని చదివినవారే మాతో చెప్పారు.

ఆ తల్లితో ఇదే చెప్పాము. ఆమె కొంచెము చిన్నబుచ్చుకున్నారు, బంధువులకేమి చెప్పాలని. కుమారుడు మాత్రము మరుసటి వారమే ఒక ఆడిటరు గారి వద్ద చేరాడు. సాయంకాలము ఐసెట్ పాత ప్రశ్నపత్రములు చేస్తున్నాడట. మొన్న ఆదివారము ఆమె బైబిలులో నుండి మీసేవ రసీదు తీసి చూపించారు.