పోరంబోకు

సంక్రాంతి నాలుగు రోజులుందనగా మా పక్కింటాయన రుసరుసలాడుతూ వచ్చి మా అరుగెక్కాడు.

"చూశావా అన్నా, మావాడి నిర్వాకం! పండక్కి కొత్తల్లుడొస్తుంటే వాడు నేలపట్టు పోయి పక్షుల్ని లెక్కబెడతాడంట. బియ్యస్సీ ప్యాసయినవాడు చేసే పనేనా ఇది? పోరంబోకు వెధవ!"

ఆ తిట్టు విని నాకు నవ్వొచ్చింది. పోరంబోకు అంటే శిస్తు లెక్కకి వెలుపల ఉంచిన భూమి. చెరువు, వాగు, బాట, శ్మశానం – ఊరందరికీ కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఒకరి పేర పట్టా లేదు గనక అది ఎవరిదీ కాదనుకున్నాం. అంతటితో ఊరుకోక పనీపాటా లేని కుర్రాళ్ళకి ఆ పేరే పెట్టాం.

నేలపట్టు నాయుడుపేట దాటాక వస్తుంది. ఒకప్పుడు మా నెల్లూరు జిల్లాదే. 2022 నుంచి తిరుపతి జిల్లాలో చేరింది. చెరువులో నీటికడప చెట్లు, వాటిమీద గూడబాతుల గూళ్ళు. ఆ పక్షుల రెట్ట కలిసిన నీళ్ళు పైరుకి బలమని చుట్టుపక్కల రైతులు వాటి జోలికి పోరు. ప్రభుత్వం 1976లో దాన్ని పక్షుల రక్షితకేంద్రం చేసింది. 1987 నుంచీ ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల్ని లెక్కిస్తున్నారు. లెక్కించేవాళ్ళలో చాలామంది జీతం బత్తెం లేకుండా వచ్చేవాళ్ళే.

"అదే నేననేది. ఇట్లాంటి పనికి డబ్బెవడిస్తాడన్నా?" అన్నాడాయన.

ఇచ్చినవాళ్ళున్నారని చెప్పాను. అమెరికాలో కరువు రోజులొచ్చి కుర్రాళ్ళు పనుల్లేక తిరుగుతుంటే, 1933లో రూజ్‌వెల్ట్ వాళ్ళని అడవులకి పంపాడు. 1942 దాకా సుమారు 30 లక్షలమంది వెళ్ళి చెట్లు నాటారు, బాటలు వేశారు, కార్చిచ్చులార్పారు. నెలకి 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్ళేవి. ఆ తరవాత ఎలిజబెత్ కుష్మన్ అనే కాలేజీ అమ్మాయి, విద్యార్థుల్ని జాతీయవనాల సేవకి పంపాలని 1955లో వ్యాసం రాసింది. 1957లో మొదటి జట్టు వెళ్ళనే వెళ్ళింది.

"అమెరికా సంగతి మనకెందుకన్నా?"

"సరే, మన సంగతే చెబుతా. కుడిమరామత్తు మాట విన్నావా? చెరువుకట్టకి గండి పడితే ఇంటికో మనిషి వచ్చి మట్టి మోయాలి. 1858లో మద్రాసులో దానికి చట్టం చేశారు గాని, అప్పటికే అది పాత అలవాటు. తండ్రి వెంట గంప పట్టుకుపోయిన పిల్లవాడికి కట్ట ఎక్కడ కారుతుందో, తూము ఎట్లా ఎత్తాలో దానంతటదే తెలిసేది. ఆ అలవాటు పోయింది, ఆ చదువూ పోయింది."

ఆయన మాట్లాడలేదు. కుర్రవాడు మాత్రం వెళ్ళాడు.

కనుమనాటికి తిరిగొచ్చి నేరుగా మా ఇంటికే వచ్చాడు. "పెదనాయనా! గుంపుని పదేసిగా విడగొట్టుకుని లెక్కబెట్టమని పెద్దవాళ్ళు నేర్పారు. అయినా నా లెక్క తప్పుతూనే ఉండింది. ఒక యానాది తాత నవ్వి, 'ముందు నీళ్ళు చూడు నాయనా. కొంగ నిలబడ్డచోట లోతుండదు, బాతు ఈదేచోట ఉంటుంది. ఏ పక్షి ఎక్కడుంటుందో తెలిస్తే వెతుక్కోనక్కర్లేదు' అన్నాడు. ఆ రోజంతా ఆయన వెనకాలే తిరిగాను."

నాకు జెర్డన్ గుర్తుకొచ్చాడు. 1840ల్లో నెల్లూరులో డాక్టరుగా ఉన్న ఆ దొర కూడా యానాదుల్ని అడిగే ఇక్కడి జీవజాతుల సంగతులు తెలుసుకున్నాడు. కలివికోడిని 1848లో శాస్త్రలోకానికి చెప్పింది ఆయనే. 1900 తరవాత అది కనబడక, అంతరించిందే అనుకున్నారు. 1986లో కడప జిల్లా చిట్టడవిలో మళ్ళీ దొరికింది. పట్టింది అక్కడి వేటగాడే.

"ఆ తాతకి మనవడున్నాడు పెదనాయనా. పదో తరగతితో మానేశాడు. నాకంటే వాడికే ఎక్కువ తెలుసు. నాతో రమ్మంటే, కూలి పోతుందన్నాడు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. పక్కింటాయన నన్నడిగిన ప్రశ్నా, ఆ యానాది పిల్లవాడి జవాబూ ఒకటే. బత్తెం లేని సేవకి తిండికి లోటులేని ఇళ్ళ పిల్లలే వెళ్ళగలరు. అడవీ చెరువూ ఎరిగిన పిల్లలు కూలికి పోతారు. ప్రతి జిల్లాలో ఏడాదికి కొందరు కుర్రాళ్ళకి, అమ్మాయిలకి ఒక్క రుతువు పాటు బత్తెమిచ్చి, ఫారెస్టు వాచరు వెంటా, ఇలాంటి తాతల వెంటా తిప్పితే ఖజానా ఖాళీ అవదు. కాలేజీ కుర్రాడూ యానాది కుర్రాడూ జంటగా వెళ్ళాలి. ఒకడికి రాత వచ్చు, రెండోవాడికి నీళ్ళు వచ్చు.

మొన్న సాయంత్రం కనిగిరి రిజర్వాయరు కట్ట మీద పక్కింటాయన ఎదురయ్యాడు. నీళ్ళలో మునిగి తేలుతున్న నల్లపక్షిని చూపించి, "అదేం పక్షో మావాణ్ణి అడిగి చెప్తావా అన్నా?" అన్నాడు.

"నీ కొడుకేగా, నువ్వే అడగరాదూ?" అన్నాను.