తెలిసిన ద్రవ్యంతో కొత్త ఆవిష్కరణ సాధ్యమేనా?

గత మాసంలో నా శిష్యుడొకడు చిన్న సీసా పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. మా గురువుగారి వద్ద నేను నేర్చి, అతనికి నేర్పిన వాతహర తైలాన్ని నువ్వుల నూనెకు బదులు ఆముదంతో కాచాడట. కీళ్ల నొప్పులకు బాగా పనిచేస్తున్నదని రోగులు చెబుతున్నారట. "గురువుగారూ, దీనికి పేటెంట్ తీసుకుందాం. మీ పేరు కూడా చేరుస్తాను. లేకుంటే రేపు ఏ పెద్ద కంపెనీయో ఎగరేసుకుపోతుంది" అన్నాడు.

అతని భయం అకారణం కాదు. పసుపుతో గాయాలు మానపడానికి 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి సంస్కృత గ్రంథాలతో సహా 32 ఆధారాలు చూపి పోరాడితే 1997లో అది రద్దయింది. ఆనాడు సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ సంతోషం నాకు నిజంగా ఉంటే, అదే తూకంతో నా శిష్యుని సీసాను కూడా తూచాలి కదా!

ఈ ప్రశ్న పాతదే. తలుపు పిడిని లోహంతోనో కొయ్యతోనో కాక, పింగాణీ మట్టితో చేశామని కొందరు అమెరికాలో పేటెంట్ పొందారు. 1851లో అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. తెలిసిన పిడికి తెలిసిన మట్టిని ఎన్నుకోవడం నేర్పరియైన పనివాడు చేయగలిగిందే తప్ప ఆవిష్కరణ కాదని దాని భావం.

మన వైద్యులకు ఈ ఎన్నిక నిత్యకృత్యం. దొరకని మూలికకు ప్రతినిధి ద్రవ్యాన్ని భావప్రకాశం ఏనాడో చెప్పింది: మేద, మహామేదలకు పిల్లిపీచర, జీవక, ఋషభకాలకు నేలగుమ్మడి, కాకోలి, క్షీరకాకోలులకు అశ్వగంధ. గుణం తెలిసి, ఆ గుణం కోసమే ద్రవ్యాన్ని మార్చినవాడు మంచి వైద్యుడు. అంతమాత్రాన కొత్త విషయం కనుగొన్నవాడు కాడు. ఆముదం వాతహరమని తెలియని వైద్యుడెవడు?

అయితే "ద్రవ్యం తెలిసినదే కనుక ఇక ఏ పేటెంటూ కూడద"ని కొందరు పెద్దలు వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. ఇంట్లో పారాణి కలిపిన ప్రతి గృహిణికీ దీని జవాబు తెలుసు. పసుపు పచ్చన, సున్నం తెల్లన. రెండూ కలిస్తే ఎరుపు! విడివిడిగా ఎంత పరిశీలించినా ఆ ఎరుపు వాటిలో కనిపించదు. చరకుడు దీనినే వికృతి విషమ సమవాయమన్నాడు: అంశాల గుణాలను బట్టి ఊహించలేని ఫలమన్నమాట. గురుకులంలో ఈ పాఠం అప్పగించలేక నేను తిన్న చీవాట్లు ఇప్పటికీ గుర్తే.

1966లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినదీ దాదాపు ఇదే. ఆడమ్స్ అనే ఆయన మెగ్నీషియంతో, ఒక రాగి లవణంతో నీరు పోస్తే పనిచేసే బ్యాటరీ చేశాడు. పదార్థాలు రెండూ పాతవే. కాని నిపుణులే మొదట నమ్మలేదు. అంతవరకు తెలిసిన శాస్త్రం అటువంటి ప్రయత్నానికి దూరంగా ఉండమనే చెప్పింది. ఆ పేటెంట్ నిలిచింది. మన చట్టం కూడా గుణాలు కేవలం కూడిన మిశ్రమాన్ని ఆవిష్కరణగా లెక్కించదు. సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ లేదని 2002 సవరణలో మరింత స్పష్టం చేసింది.

అందుచేత అతని దరఖాస్తులో నా పేరు వద్దన్నాను. అతని ముఖం చిన్నబోయింది. ఇద్దరు పిల్లల చదువు, అద్దె దుకాణం, నాకు తెలియనివి కావు. తయారీ విధానాన్ని తేదీతో సహా అచ్చులో ప్రకటించమని సలహా ఇచ్చాను. దానితో మరొకరు దీనిపై పేటెంట్ పొందే దారి మూసుకుంటుంది. కంపెనీ దీనిని కాచి అమ్ముకోకుండా మాత్రం ఆపలేదు. ఆ మాట కూడా దాచలేదు.

"ముందు పాత తైలం ఒకరికి, ఇది ఒకరికి ఇచ్చి, నొప్పి, వాపు ఎన్నాళ్లకు తగ్గాయో వ్రాసి పెట్టు. ఆముదం గుణంతో గాని, మూలికల గుణంతో గాని చెప్పలేని ఫలం కనబడితే అచ్చుకు ఇవ్వకుండా మొదట నా దగ్గరకు రా. అప్పుడు సంతకం పెడతాను" అన్నాను.

సీసా మా బల్ల మీదే వదిలి వెళ్లాడు. నా ఎడమ మోకాలికి రాత్రిళ్లు అదే రాసుకుంటున్నాను.