పెరట్లో ఏ కొబ్బరి?

అంబాజీపేట సమీపాన కొత్త ఇల్లు కట్టుకున్న ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. పెరట్లో రెండు కొబ్బరి మొక్కలు నాటదలచారట. అమ్మేవారు చూపిన మొక్క గంగాబొండమా, దేశవాళీయా అన్నది ఎలా తెలుసుకోవాలని ఆమె ప్రశ్న. కోనసీమవారికే ఈ సందేహమా అని నవ్వనక్కరలేదు. లేత వయసులో రెండూ పచ్చగా, ఒకే తీరున కనిపిస్తాయి.

ఎదిగిన చెట్టయితే పోల్చుకోవచ్చు. దేశవాళీ పొడుగు రకానికి మొదలు ఉబ్బి ఉంటుంది. కాపుకు 6, 7 ఏళ్లు పడుతుంది. గంగాబొండం అంతకు ముందే కాస్తుంది. కాయ ఆకుపచ్చగా, బొప్పాయిలా కోలగా ఉంటుంది. తాగే బొండాలకు అది మేలు. ఎండు కొబ్బరికి, నూనెకు దేశవాళీనే ఎంచుకోవాలని మా అభిప్రాయం.

అసలు చిక్కు పుట్టుకలో ఉంది. దేశవాళీ గెలలో మగపూలు రాలిపోయాక గాని ఆడపూలు సిద్ధం కావు. పుప్పొడి మరో చెట్టు నుండి రావాలి. కనుక ఆ మొక్కకు తల్లి ఎవరో తెలుస్తుంది గాని తండ్రి తెలియదు. గంగాబొండం చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. పిల్లలు తల్లిని పోలి ఉంటాయి. ఈ రెండింటినీ కలిపి అంబాజీపేట పరిశోధన స్థానంలో రూపొందించిన సంకర రకమే గోదావరి గంగ. దాని కాయను మొలకెత్తిస్తే వచ్చేది గోదావరి గంగ కాదు. ఒక్కో మొక్క ఒక్కో తీరుగా పోతుంది. అలాంటి మొక్కను ‘హైబ్రిడ్’ అని అమ్మడం మోసమే.

వర్ణించి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోకపోతే తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉంటుందని ఫిఖ్‌హ్‌లో బోధిస్తాం. దానిని ఖియార్ అంటారు. కాని ఆరేళ్లు నీరుపోసి పెంచిన చెట్టును పెకలించి ఎవరికి తిరిగి ఇస్తాం? ఆ సంవత్సరాలకు వెల కట్టేదెవరు?

అందుచేత సోదరి మొక్కను చూసేముందు తల్లిచెట్టును చూపమని అడగాలి. రసీదుపై రకం పేరు రాయించుకోవాలి. ఆపై మొక్క సంగతి: 9 నుండి 12 నెలల వయసు, లావైన మొదలు, కనీసం ఆరు ఆకులు ఉండాలి. ఆకులు త్వరగా చీలిన మొక్క మంచిది. రెంటి మధ్య ఎనిమిది మీటర్ల ఎడం ఉంచాలి. పెరట్లో అంత చోటు లేకపోతే ఒక్కటే నాటుకోవడం మేలు.